డ్యూటీ దిగే ముందు కంప్యూటర్ దగ్గర క్యూ: నర్సింగ్ నోట్స్ వేళకు ఎక్కాలంటే

ప్రశ్న: మాది కోస్తా జిల్లాలో 150 పడకల ప్రైవేట్ ఆస్పత్రి. నేను ఫీమేల్ మెడికల్ వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. 30 పడకలు. పొద్దున డ్యూటీకి నలుగురు, మధ్యాహ్నం ముగ్గురు, రాత్రికి ఇద్దరు స్టాఫ్. నాలుగు నెలల క్రితం నర్సింగ్ డాక్యుమెంటేషన్ మొత్తం కంప్యూటర్‌లోనే చేయాలన్నారు. నర్సింగ్ స్టేషన్‌లో రెండు కంప్యూటర్లు పెట్టారు. మావాళ్లు చీటీల మీద రాసుకుని, డ్యూటీ దిగే ముందు అన్నీ కలిపి ఎక్కిస్తున్నారు. రౌండ్స్‌లో డాక్టర్లు ఫైలే అడుగుతారు కాబట్టి పాత రిజిస్టర్లూ రాస్తూనే ఉన్నాం. రాత్రిళ్లు ఒకరి లాగిన్‌లో ఇద్దరూ ఎంటర్ చేస్తున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న సీనియర్ సిస్టర్ ఒకరు అసలు మౌస్ ముట్టుకోనంటున్నారు. ఎంటర్ చేయనివాళ్లకు జీతంలో కోత పెడతామంటోంది మేనేజ్‌మెంట్. వీళ్లను ఎలా ఒప్పించాలి? రేపు మెడికో లీగల్ కేసు ఏదైనా వస్తే కంప్యూటర్ రికార్డు కోర్టులో నిలబడుతుందా?

సమాధానం: సిస్టర్ గారూ, ముందు ఆ జీతం కోత మాట ఆపించండి. మిగతావన్నీ తర్వాత. కోత మొదలైన మర్నాటి నుంచి మీ సిస్టమ్‌లో ఖాళీ గడి ఒక్కటీ కనబడదు. కాకపోతే ఆ గడుల్లో ఉండేవి టెంపరేచర్ 98.6, పల్స్ 80, రెస్పిరేషన్ 20, బీపీ 120/80. ముప్పై మందికీ ఇంచుమించు అవే. ఖాళీ గడి చూసిన డాక్టరు ఇంకా చూడలేదని గ్రహించి, చూసి చెప్పమంటారు. నింపిన ఉత్తుత్తి అంకె చూస్తే నిశ్చింతగా పక్క బెడ్‌కి వెళ్లిపోతారు. పేషెంట్ ప్రాణం మీదికి వచ్చేది ఈ రెండోదాంతోనే.

మీరిచ్చిన అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. ఒక్కో పేషెంట్‌కి వైటల్స్ (టెంపరేచర్, పల్స్, బీపీ లాంటివి), ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క), ఇచ్చిన మందులు, నోట్స్ అన్నీ కలిపి 6 నిమిషాలే పడుతుందనుకోండి. 30 మందికి 180 నిమిషాలు. ఉన్నవి రెండే కంప్యూటర్లు, అవి క్షణం ఖాళీ లేకుండా నడిచినా గంటన్నర. 2 గంటలకు డ్యూటీ దిగాల్సినవాళ్లు 1 గంటకు మొదలుపెడితే 2:30 దాటుతుంది. మధ్యలో ఒక అడ్మిషన్ వచ్చినా, ఎవరికైనా క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) అవుట్ అయినా 3 గంటలు. ఇదంతా అవే అంకెలు రిజిస్టర్లలో ఒకసారి రాశాక! మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే. మీ స్టాఫ్ మొండికేశారని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. ఇంకా మంచిది, ఒక రోజు పొద్దున డ్యూటీలో పదిమంది పేషెంట్ల ఎంట్రీని ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి: లాగిన్‌కి ఎంత, పేషెంట్ పేరు వెతకడానికి ఎంత, వైటల్స్‌కి ఎంత, నోట్స్‌కి ఎంత. ఈ ఒక్క కాగితం మేనేజ్‌మెంట్ ముందు పెడితే చర్చ క్రమశిక్షణ మీంచి పని మీదికి మళ్లుతుంది.

ఈ సమస్య మన దగ్గరే పుట్టింది కాదు. జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ ఆస్పత్రిలో నాలుగు వార్డుల్లో ఒకే నర్సింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండేళ్లు గమనించారు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఒకే సాఫ్ట్‌వేర్ అయినా అన్ని వార్డులూ ఒకేలా ఆదరించలేదు. నర్సులకు అంతకుముందు కంప్యూటర్ అనుభవం ఎంత, అసెస్‌మెంట్ నుంచి కేర్ ప్లాన్ దాకా ఉండే నర్సింగ్ ప్రాసెస్ మీద వాళ్లకు ముందే నమ్మకం ఉందా, సాఫ్ట్‌వేర్ ఆ వార్డు పని నడకకు సరిపోయిందా అన్నవి తేడా తెచ్చాయి. మూడోది మీరు గట్టిగా పట్టుకోవాలి. మనిషి, పని, యంత్రం ఒకదానికొకటి కుదరాలన్న ఆలోచన ఆ బృందం నుంచే తర్వాత వచ్చింది. ఎన్నో ఆస్పత్రుల లెక్కలు కలిపి చూసిన 2005 నాటి ఒక సమీక్షలో, బెడ్ దగ్గర కంప్యూటర్ ఉన్న నర్సులకు డ్యూటీలో రాతపనికి పట్టే సమయం 24.5 శాతం, స్టేషన్‌లో కంప్యూటర్ వాడినవాళ్లకు 23.5 శాతం తగ్గినట్టు తేలింది. అంటే కంప్యూటర్ వల్ల పని తగ్గడం సాధ్యమే. మీ వార్డులో పెరిగిందంటే, కాగితం పోకుండా కంప్యూటర్ వచ్చి చేరినందువల్ల.

కాబట్టి మొదటి పని రిజిస్టర్ల మీద. వార్డులో ఉన్న పుస్తకాలన్నీ ఒక టేబుల్ మీద పరవండి: టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) బుక్, బీపీ బుక్, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు, ఇంజెక్షన్ రిజిస్టర్, డైట్ బుక్, సెన్సస్, ఇండెంట్ బుక్, ఓవర్ (డ్యూటీ అప్పగింత) బుక్, క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల ట్రాలీ) చెక్‌లిస్ట్, ఫ్రిజ్ టెంపరేచర్ చార్ట్. ఒక్కోదానికీ ఒకటే ప్రశ్న: దీన్ని రాసినవాళ్లు కాక ఇంకెవరు, ఎప్పుడు చదువుతున్నారు? జవాబు లేకపోతే ఆ పుస్తకం ఆగిపోవాలి. ఉంటే, ఆ చదివేవాళ్లకు అదే సమాచారం సిస్టమ్‌లో ఎక్కడ దొరుకుతుందో చూపించి, తేదీ ప్రకటించి మూసేయాలి. మూసేటప్పుడు చివరి ఎంట్రీ కింద ఎర్ర గీత గీసి, "ఫలానా తేదీ పొద్దున డ్యూటీ నుంచి సిస్టమ్‌లో మాత్రమే" అని రాసి, మీరూ నర్సింగ్ సూపరింటెండెంట్ గారూ సంతకం పెట్టండి. ఆ పుస్తకాన్ని వార్డులోంచి తీసేసి మెడికల్ రికార్డ్స్‌కి పంపేయండి. కళ్లెదుట ఉంటే మళ్లీ ఎవరో ఒకరు రాయడం మొదలుపెడతారు. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మందుల నార్కోటిక్ రిజిస్టర్‌ని మాత్రం కదపకండి, అది చట్టం కింద నడిచేది. క్రాష్ కార్ట్ చెక్‌లిస్ట్ కూడా ట్రాలీకి తగిలించే ఉండాలి, దానికి కంప్యూటర్ అడ్డు.

డాక్టర్లు ఫైల్ అడగడం దగ్గరే చాలా ఆస్పత్రుల్లో ఈ ప్రయత్నం కూలిపోతుంది. రౌండ్స్‌లో ఫిజీషియన్ గారు టీపీఆర్ కోసం చేయి చాచినంతకాలం మీ స్టాఫ్ కాగితం రాస్తూనే ఉంటారు, ఆ తప్పు వాళ్లది కాదు. దీనికి నర్సింగ్ వైపు నుంచి మందు లేదు. మెడికల్ సూపరింటెండెంట్ సంతకంతో డాక్టర్లకే సర్క్యులర్ రావాలి: ఫలానా తేదీ నుంచి వైటల్స్, ఇన్‌టేక్ అవుట్‌పుట్ స్క్రీన్ మీదే చూడాలి అని. సర్క్యులర్ ఒక్కటే చాలదు. రౌండ్స్‌కి ట్యాబ్లెట్ గానీ, చక్రాల ట్రాలీ మీద ల్యాప్‌టాప్ గానీ వెంట రావాలి. ఒక క్లిక్‌తో ఆ పేషెంట్ మూడు రోజుల టెంపరేచర్ గ్రాఫ్ రావాలి. నాలుగు పేజీలు తిరిగితే తప్ప గ్రాఫ్ కనబడకపోతే మూడో రోజుకే డాక్టరు మళ్లీ ఫైలంటారు. ఇక ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), ఇన్సూరెన్స్ క్లెయిముల వాళ్లకు కేస్ షీట్ ప్రతులు కావాలి. వాటి కోసం రెండోసారి చేత్తో రాయక్కర్లేదు, సిస్టమ్ నుంచే ప్రింట్ తీయొచ్చు. అయితే ఆ ప్రింట్‌లో పేషెంట్ పేరు, ఐపీ నంబరు, తేదీ ప్రతి పేజీ మీదా వస్తున్నాయా, రాసిన నర్స్ పేరు, టైము పడుతున్నాయా అని క్లెయిమ్స్ విభాగం వాళ్లతో ముందే ఒక నమూనా చూపించి ఓకే చేయించండి. లేకపోతే క్లెయిమ్‌లో ఒక క్వెరీ రాగానే పాత రిజిస్టర్లు మళ్లీ బయటికొస్తాయి.

రెండోది, స్క్రీన్. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషిని కూర్చోబెట్టి వైటల్స్ పేజీని బాగా పరిశీలించండి. మీవాళ్లు బెడ్ దగ్గర ఏ వరసలో చూస్తారో గడులూ అదే వరసలో ఉండాలి. థర్మామీటర్ పెట్టి, పల్స్, రెస్పిరేషన్ లెక్కపెట్టి, బీపీ కట్టి, చివర శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూస్తే ఆ వరసే. ఒక అంకె కొట్టి ట్యాబ్ నొక్కితే పక్క గడికి పోవాలి, మౌస్‌తో పని ఉండకూడదు. మన వార్డుల్లో టెంపరేచర్ ఫారెన్‌హీట్‌లో చూస్తాం. సిస్టమ్ సెల్సియస్ అడిగితే మనసులో మార్చుకునే పని నర్సు నెత్తిన పడుతుంది, తప్పు అక్కడే దొర్లుతుంది. ఫారెన్‌హీట్ తీసుకుని అదే మార్చుకునేలా చేయించండి. పల్స్ 780 అని పడితే సిస్టమ్ తీసుకోకూడదు. 178 అని పడితే "నిజమేనా?" అని ఒకసారి అడిగి తీసుకోవాలి. ఈ రెంటినీ కలిపేసి, 178నీ తీసుకోనని మొరాయించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అలాంటి చోట నర్సు ఏం చేస్తుంది? 118 అని కొట్టి ముందుకు పోతుంది. పాత రీడింగ్ దానంతటదే కొత్త గడిలోకి వచ్చి కూర్చునే సౌకర్యం ఉంటే, వైటల్స్ వరకు దాన్ని తీయించేయండి. పాత అంకె లేతగా పక్కన కనబడితే చాలు.

టైము సంగతి ఇంకా ముఖ్యం. సిస్టమ్ రెండు టైములు దాచాలి: చూసిన టైము, ఎక్కించిన టైము. మొదటిదాన్ని నర్సు మార్చగలగాలి. రెండోదాన్ని ఎవరూ మార్చగలగకూడదు. ఇప్పుడు మీ వార్డులో 10 గంటలకు చూసిన జ్వరం, 12 గంటలకు ఇచ్చిన పారాసెటమాల్, రెండూ 1:20కి పడుతున్నాయన్నమాట. తర్వాత చార్టు చూసేవాళ్లకు మందు ముందా జ్వరం ముందా అర్థం కాదు. తర్వాతి డోసు 6 గంటలకు ఇవ్వాలా 7:30కి ఇవ్వాలా అన్న చోట తేడా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నర్సులు కంప్యూటర్‌ని ఒప్పుకునేది, వాళ్లు ఎక్కించిన అంకె అదే డ్యూటీలో వాళ్లకు ఏదో ఒకటి తిరిగిచ్చినప్పుడు. నెల తర్వాత క్వాలిటీ మీటింగులో రిపోర్ట్ వస్తుందంటే ఎవరికీ ఉత్సాహం ఉండదు. అందుకే మొదట పెట్టాల్సింది కేర్ ప్లాన్లు కాదు. వైటల్స్‌తో పాటే, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే పట్టిచ్చే స్కోరు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్-2 స్కోరు దీనికి బాగా పనికొస్తుంది. ఒక పేషెంట్‌ని చూడండి: రెస్పిరేషన్ 22, శాచురేషన్ ఆక్సిజన్ లేకుండా 94, పై బీపీ 104, పల్స్ 112, జ్వరం 101.1, మాటకు స్పష్టంగా పలుకుతోంది. విడివిడిగా చూస్తే ఏదీ గుండెలు అదిరే అంకె కాదు. రౌండ్స్‌లో "కొంచెం జ్వరం, కొంచెం ఆయాసం" అని దాటేయొచ్చు. స్కోరు వేస్తే రెస్పిరేషన్‌కి 2, శాచురేషన్‌కి 1, బీపీకి 1, పల్స్‌కి 2, జ్వరానికి 1, మొత్తం 7. ఆ స్కోరింగ్‌లో 5 వస్తే డాక్టర్ని త్వరగా పిలవాలి, 7 వచ్చిందంటే ఎమర్జెన్సీ. కాగితం మీద ఈ కూడిక ఎవరూ చేయరు, తీరిక ఉండదు. సిస్టమ్ క్షణంలో చేసి ఎర్రగా చూపిస్తుంది. రాత్రి 2 గంటలకు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "సర్, 12వ బెడ్ ఎలాగో ఉంది" అనడానికీ, "సర్, 12వ బెడ్ స్కోరు 7, రెస్పిరేషన్ 22, పల్స్ 112" అనడానికీ ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. జూనియర్ సిస్టర్‌కి ఆ స్కోరు నోట్లో మాట అవుతుంది. ఇది ఒక్కసారి అనుభవమైతే ఆవిడ రెస్పిరేషన్‌ని 20 అని ఊరికే కొట్టదు, నిమిషం నిలబడి లెక్కపెడుతుంది. ఒక జాగ్రత్త: 16 ఏళ్లు నిండనివాళ్లకూ గర్భిణులకూ ఈ స్కోరు వాడకూడదు. మీది ఫీమేల్ వార్డు కాబట్టి అడ్మిషన్ పేజీలో గర్భిణి అని టిక్ పెడితే స్కోరు ఆగిపోయేలా చేయించండి. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బుతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే పేషెంట్లకు శాచురేషన్ లక్ష్యం 88 నుంచి 92. వాళ్లకు వేరే స్కేలు ఉంటుంది, అది డాక్టరే ఎంచాలి.

రెండో బహుమతి ఇన్‌టేక్ అవుట్‌పుట్. కాగితం మీద 24 గంటల టోటల్ వేసేది పొద్దున 6 గంటలకు, నిద్ర కళ్లతో. 50 కిలోల మనిషికి గంటకు కనీసం 25 మి.లీ. యూరిన్ రావాలి, 6 గంటలకు 150. కేథటర్ బ్యాగులో 8 నుంచి 2 వరకు 110 మాత్రమే వచ్చిందంటే అది 2 గంటలకు తెలియాలి, మర్నాడు 6 గంటలకు కాదు. సిస్టమ్ నడుస్తున్న మొత్తాన్ని ఎప్పటికప్పుడు చూపిస్తే ఓవర్ ఇచ్చేటప్పుడే దొరుకుతుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 500 మి.లీ. సెలైన్ బాటిల్ పెట్టగానే 500 అని ఎక్కించేస్తారు. అందులో సగమే ఎక్కాక క్యాన్యులా పోతుంది, లెక్క మాత్రం 500గానే మిగిలిపోతుంది. పెట్టినప్పుడు "మొదలైంది" అని, దించినప్పుడే ఎక్కిన మొత్తం అని రెండు అడుగులుగా ఉండాలి. యాంటీబయోటిక్ కలిపిన 100 మి.లీ. సెలైన్లు కూడా లెక్కలోకి రావాలి. రోజుకు మూడు యాంటీబయోటిక్స్ మూడుసార్లు వెళ్తే అదే 900 మి.లీ. గుండె, కిడ్నీ పేషెంట్లలో దాన్ని వదిలేస్తే కొంప మునుగుతుంది.

నోట్స్ విషయంలో తొందరపడకండి. ఒక లక్షణం ఎంచడానికి అరవై ఐటమ్‌ల డ్రాప్‌డౌన్ పెడితే, నర్సు కంటికి మొదట కనబడ్డదాన్ని నొక్కుతుంది. ప్రెషర్ సోర్ రిస్క్‌కి బ్రేడెన్ స్కేలు, పడిపోయే రిస్క్‌కి మోర్స్ స్కేలు లాంటివి గడుల్లోనే ఉండాలి, అక్కడ మొత్తం కూడా అదే వేస్తుంది. బ్రేడెన్ 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే రిస్క్ ఉన్నట్టు. మిగతా నోట్స్‌కి ఖాళీ పెట్టె ఒకటి, అందులో నాలుగు తలకట్లు చాలు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక కథ ఏమిటి, నేను చూసింది ఏమిటి, ఏం చేయాలి. ఎస్‌బార్ పేరుతో మీకు తెలిసిందే. నిన్నటి నోట్‌ని కాపీ చేసి పేస్ట్ చేసే వెసులుబాటు తీసేయించండి. కేథటర్ తీసిన మూడో రోజు కూడా "కేథటర్ పేటెంట్" (అడ్డు లేకుండా పనిచేస్తోంది) అని నోట్ ఉండే చార్టులకు మూలం అదే.

కంప్యూటర్లు ఎన్ని కావాలి? మీ వార్డుకి స్టేషన్‌లో ఉన్న రెండూ కాక, చక్రాల ట్రాలీల మీద కనీసం రెండు. పొద్దున నలుగురూ ఒకేసారి పని చేయగలగాలి. ట్రాలీ కొనేముందు మూడు చూడండి: నిలబడి కొట్టడానికి మోచేతి ఎత్తులో పలక ఉందా, బ్యాటరీ ఒక పూర్తి డ్యూటీ నిలుస్తుందా, రెండు బెడ్‌ల మధ్య సందులోకి దూరుతుందా. మూడోది చాలామంది మరిచిపోతారు. ట్రాలీ పట్టక కారిడార్‌లో నిలిపి, మళ్లీ చీటీ మీద రాసుకుంటారు. కీబోర్డు తుడవడానికి వీలైనది తీసుకోండి, ఐసొలేషన్ బెడ్ దగ్గరికి వెళ్లిన ట్రాలీని అక్కడే తుడిచి బయటికి తేవాలి. వైఫైకి ఒక పరీక్ష: ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని ప్రతి బెడ్ దగ్గరా, బాత్‌రూముల పక్క మూల బెడ్‌ల దగ్గరా నడవండి. కాల్ తెగిన చోటల్లా రేపు ఎంట్రీ కూడా పోతుంది. ఐదు నిమిషాలు కొట్టిన నోట్ సేవ్ కాకుండా ఎగిరిపోవడం రెండుసార్లు జరిగితే చాలు, ఆ సిస్టర్‌ని మళ్లీ కంప్యూటర్ ముందుకు తేవడం మహా కష్టం. పవర్ పోయినప్పుడు వార్డు కంప్యూటర్లతో పాటు నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ మీద ఉందో లేదో అడగండి. కంప్యూటర్లు వెలుగుతూ నెట్‌వర్క్ చచ్చిపోయే ఆస్పత్రులు చాలా ఉన్నాయి.

రాత్రిళ్లు ఒకరి లాగిన్‌లో ఇద్దరు రాయడం ఆగాలి. ఇందులో మెత్తగా చెప్పేది లేదు. ఆ లాగిన్ ఉన్న సిస్టర్ పేరు మీద, ఆవిడ ఇవ్వని ఇన్సులిన్ ఇచ్చినట్టు పడుతుంది. ఆ డోసు మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది ఆవిడే. అయితే ఎందుకు అలా చేస్తున్నారో కూడా చూడాలి. లాగిన్‌కి 40 సెకన్లు పట్టి, రెండు నిమిషాలు ముట్టకపోతే బయటికి నెట్టేసే సిస్టమ్ అయితే ఎవరైనా ఇదే చేస్తారు. ఐడీ కార్డు తాకిస్తేనో వేలిముద్ర పెడితేనో తెరుచుకునే ఏర్పాటు అడగండి. ఒకరు వదిలిన చోట స్క్రీన్ లాక్ అయి, ఇంకొకరు తమ లాగిన్‌తో వెంటనే వచ్చేలా ఉండాలి. కొత్తగా చేరిన స్టాఫ్‌కి లాగిన్ రావడానికి వారం పడుతుంటే అది కూడా ఒక కారణమే. చేరిన రోజే ఇచ్చేలా మాట్లాడండి.

ఇక మీ సీనియర్ సిస్టర్ గురించి. ముప్పై ఏళ్లు సర్వీసు చేసినావిడ మౌస్ ముట్టనంటే దాని వెనక భయం ఉంటుంది, అంతకంటే ఎక్కువగా జూనియర్ల ముందు తడబడటం ఇష్టం లేకపోవడం ఉంటుంది. ఇరవై మందిని హాల్లో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద చూపించే ట్రైనింగ్ ఆవిడకు ఏమీ ఇవ్వదు. ఐదారుగురు మించకుండా, ఒక్కొక్కరికి ఒక కంప్యూటర్, 2 గంటల చొప్పున రెండు విడతలు, డ్యూటీ టైములోనే, ఆ రెండు గంటలూ వాళ్ల పేషెంట్లను ఇంకొకరు చూసుకునేలా. అసలు పేషెంట్ల రికార్డులో కాకుండా ప్రాక్టీసు కోసం వేరే కాపీ ఉండాలి, ఏం నొక్కినా ఏమీ చెడిపోదని తెలియాలి. ఆవిడకు మొదటి వారం వైటల్స్ పేజీ ఒక్కటే నేర్పండి. అందులో అంకెలు తప్ప టైపింగ్ లేదు. అంకెల మీద చేయి తిరిగాక నోట్స్. ఆవిడ చేయాల్సిన ఎంట్రీని ఇంకొకరితో చేయించే సర్దుబాటు మాత్రం పెట్టకండి. అది మర్యాదలాగే ఉంటుంది, ఆవిడను శాశ్వతంగా బయట ఉంచుతుంది. ఇంకో మాట: స్క్రీన్ ఎలా ఉండాలో చర్చించే మీటింగుకి ఆవిడను పిలవండి. ఓవర్‌లో ఏం చెప్పాలి, దేని తర్వాత ఏది అడగాలి అన్నది ఆవిడకు తెలిసినంత సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలియదు.

డ్యూటీకొకరిని సహాయకులుగా ఎంచేటప్పుడు కంప్యూటర్‌లో అందరికంటే చురుకైనావిడ కంటే, సందేహం వస్తే అందరూ వెళ్లి అడిగే సిస్టర్‌ని ఎంచండి. ఆ మొదటి రెండు వారాలు ఆవిడకు పేషెంట్లను తగ్గించండి. నైట్ డ్యూటీని మరవొద్దు. ఐటీ విభాగం మనిషి పొద్దున 10 నుంచి 5 వరకు ఉండి, రాత్రి ఫోన్ ఎత్తకపోతే ఇద్దరే ఉన్న నైట్ స్టాఫ్ కాగితానికి తిరిగి వెళ్లడం ఖాయం. మార్పు తేదీ డెంగీ సీజన్‌లో పెట్టొద్దు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మెడికల్ వార్డులు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

సిస్టమ్ ఆగిపోయే రోజు తప్పక వస్తుంది. దానికి స్టేషన్‌లో ఒక పెట్టె ఉంచండి: 30 మందికి సరిపడా ఒక డ్యూటీ వైటల్స్, ఇన్‌టేక్ అవుట్‌పుట్, మందుల షీట్లు. ప్రతి 4 గంటలకూ ఒక కంప్యూటర్‌లోకి అందరి మందుల జాబితా తనంతట తాను సేవ్ అయ్యేలా చేయించండి, నెట్‌వర్క్ లేకున్నా ప్రింట్ వచ్చేలా. ఎన్ని నిమిషాలు ఆగితే కాగితానికి మారాలో ముందే రాసి అంటించండి, 20 నిమిషాలు సబబు. తిరిగి వచ్చాక ఇచ్చిన మందులూ అలర్జీలూ ముందు ఎక్కాలి. వైటల్స్ తర్వాత. ఆ కాగితాలు చింపేయకుండా ఫైల్లో ఉంచాలి.

మెరుగైందో లేదో చూడటానికి ఎంట్రీల సంఖ్య చూడకండి, అది మోసం చేస్తుంది. వారానికి పది చార్టులు తీసి, చూసిన టైముకీ ఎక్కించిన టైముకీ తేడా ఎంతో రాయండి. ఇప్పుడు మీ దగ్గర అది మూడు నాలుగు గంటలు ఉంటుంది. అరగంట లోపలికి వస్తే చీటీలు పోయినట్టే. దాంతోపాటు ఆ వారం మూసిన రిజిస్టర్లెన్ని, డ్యూటీ అయ్యాక ఎంతసేపు ఆగుతున్నారు, స్టాఫ్ అడిగిన మార్పుల్లో ఎన్ని చేశారు అన్నవి. ఈ చివరిది స్టేషన్‌లో గోడ మీద ఉండాలి: అడిగినది, అడిగిన తేదీ, చేసిన తేదీ. చెప్పిన మార్పు వారంలో జరగడం చూస్తే ఇంకో నాలుగు చెబుతారు.

కోర్టు సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా చెల్లుతుంది. పాత చట్టంలో 65బి ఇదే. దానికి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు, ఒకటి రికార్డు సమర్పించేవాళ్లది, రెండోది నిపుణులది. అది ఆస్పత్రి యాజమాన్యం, లాయరు చూసుకునే పని. మీరు చూడాల్సింది దాని వెనక ఉండే జాడ: ఎవరు, ఎప్పుడు ఎక్కించారు, ఎవరు మార్చారు, మార్చకముందు ఏముంది. తప్పు పడితే చెరిపేయకూడదు. పాతది కొట్టేసినట్టు కనబడుతూ, కారణంతో కొత్తది పక్కన రావాలి. ఆలస్యంగా ఎక్కించినది ఆలస్యం అనే కనబడాలి. వైద్యుల వృత్తి నియమావళి, 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ప్రతులివ్వాలి. మెడికో లీగల్ కేసులవి కేసు తేలేదాకా ఉంచండి. ఈ వారంలోనే ఐటీ వాళ్లను ఒక పాత పేషెంట్ పేరు చెప్పి ఆ మార్పుల జాడ మొత్తం ప్రింట్ అడగండి. ఒక రోజులో ఇవ్వగలిగితే మీ రికార్డు కాగితం కన్నా గట్టిది. ఇవ్వలేకపోతే, ఇంజెక్షన్ రిజిస్టర్ మూసే తేదీని ఆ ప్రింట్ మీ చేతికొచ్చేదాకా వాయిదా వేయండి.